కొసరు వేసిన స్నో

ఎనభై అయిదు పైసల పెట్టుబడితో ఒక మనిషి ముఖం పాడుచేయడం అందరివల్లా కాదు. నేను చేశాను. పైగా దాని మీద లాభం కూడా తీశాను. అరవైల చివర, ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతూ, నల్లకుంట నుంచి తార్నాక దాకా నా అంత తెలివిగా సరుకు కొనగలిగిన ఆడపిల్ల ఇంకొకతె లేదని నమ్మిన రోజుల్లో తీసుకున్న నిర్ణయం అది. బజారులో మూడు రూపాయలకు అమ్మే స్నోను నేనే చేస్తానన్నాను. వాళ్ళకన్నా బాగా చేస్తానన్నాను.

నేను దుకాణంలో పెరిగాను. నల్లకుంటలో మా నాయినది కిరాణం, దాని వెనకే మా ఇల్లు. పక్కన మేనమామ బట్టల కొట్టు, ఎదురుగా పెదనాయిన గాజుల కొట్టు. అక్షరాలకన్నా ముందు నాకు బేరం వచ్చింది. ఏ వస్తువు చేతికొచ్చినా దాని ధరను మూడు ముక్కలు చేసి చూసేదాన్ని: లోపలి సరుకెంత, డబ్బా ఎంత, పేరుకెంత. ఆ అలవాటును యూనివర్సిటీకి కూడా మోసుకెళ్ళాను.

ఒక మధ్యాహ్నం లేడీస్ రూములో, గుంటూరు వైపు నుంచి వచ్చిన క్లాస్‌మేట్ కొత్త స్నో సీసా మూత తీసి అందరికీ వాసన చూపిస్తోంది.

“మూడు రూపాయలే! ఆబిడ్స్‌లో తీసుకున్నా. రాసుకుంటే ఎంత చల్లగా ఉందో చూడండి.”

“ఎంత తగ్గించిండు?” అన్నాను.

“పెద్ద కొట్లో బేరం ఆడతారేవిటే! నలుగురూ నవ్వరూ?”

“ఆడరని తెలిసే గద మూడు రూపాయలు పెట్టిండు.”

అందరూ నవ్వారు. నాకు అది చాలలేదు. ఆమె స్నో ఒక చెంచా, ఇంకొకతె కోల్డ్ క్రీము ఒక చెంచా, మరొకతె దాచుకున్న తెల్లబరిచే క్రీము అర చెంచా అడిగి కాగితాల్లో కట్టుకున్నాను. లాబ్‌లో తూచాను. వేడి నీళ్ళ ఆవిరి మీద పెట్టి, తడి పోయాక మళ్ళీ తూచాను. మర్నాడు లేడీస్ రూములో తీర్పు చెప్పాను.

“నీ స్నోల మూడొంతులు నీళ్ళే పిల్లా. నల్లా నీళ్ళు సీసాల పోసుకొని ఆబిడ్స్ కెళ్లి మోసుకొచ్చినవ్.”

“అయితే మిగతా ఒక వంతు ఏవిటట?”

మిగతా ఒక వంతులో ఎక్కువ భాగం స్టియరిక్ ఆసిడ్, కొవ్వొత్తుల్లో పడేదే. కాస్త పొటాష్ తగిలితే అందులో కొంత సబ్బుగా మారి, నీళ్ళనూ కొవ్వునూ విడిపోకుండా పట్టుకుంటుంది. ముఖానికి రాయగానే నీళ్ళు ఆరిపోతాయి. చల్లగా అనిపించేది అందుకే. వెనక సన్నని పొర మిగిలి, దాని మీద వెలుగు పడి ముఖం నిగనిగలాడుతుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. కోల్డ్ క్రీములో లెక్క తిరగబడుతుంది. నూనె, తేనెమైనం ఎక్కువ, నీళ్ళు తక్కువ, రెంటినీ కలపడానికి చిటికెడు వెలిగారం. చలికి పగిలిన చెంపలకు అది మేలు, ఎండాకాలంలో ఉత్త జిడ్డు. ఈ రెండూ మచ్చలు పోగొట్టవు. సీసా సీసాకూ ధరలో ఉన్న తేడా అత్తరుది, సీసాది.

నిజంగా రంగు మార్చేది మూడో కాగితంలోది ఒక్కటే. ఆ రోజుల్లో డబ్బాల మీద లోపల ఏముందో రాసేవాళ్ళు కాదు. లైబ్రరీలో పుస్తకం తిరగేస్తే, అలాంటి క్రీముల్లో పాదరసం కలిసిన తెల్లపొడి వేస్తారని ఉంది. తోలులో నలుపు పుట్టే పనిని అది ఆపుతుంది. ఎంత పాలు దాటకూడదో, దాటితే తోలు ఎలా కాలుతుందో కూడా ఆ పేజీలోనే ఉంది. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. చూడలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

అంతటితో ఆగిపోతే ఇది లేడీస్ రూములో చెప్పుకునే కథగా మిగిలేది. కాని గుంటూరు అమ్మాయి, “అంత తెలిసినదానివి, నువ్వే చేసి చూపించు మరి,” అంది. దుకాణం పిల్లను పట్టుకుని అలా అనకూడదు.

నాకు ఒక స్నేహితురాలు ఉండేది. ఆలేరు దగ్గర రైతు ఇంటి పిల్ల. వాళ్ళింట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి. తార్నాకలో వాళ్ళ అక్క ఇంట్లో ఉండి చదివేది. బావ రైల్వేలో పని. రెండు గదుల ఇల్లు, అందులో అక్క పిల్లలు ముగ్గురు. క్లాసులయ్యాక మేమిద్దరం కాంపస్ రోడ్డు పట్టుకుని తార్నాక దాకా నడిచేవాళ్ళం. అక్క నాకూ ఒక జొన్నరొట్టె కలిపి చేసేది. అది తిని నేను నల్లకుంట బస్సెక్కేదాన్ని. రెండేళ్ళలో ఆ రొట్టెలు ఎన్నో నేను ఏనాడూ లెక్కపెట్టలేదు. మిగతా అన్నీ లెక్కపెట్టినదాన్ని.

ఆమెకు రెండు చెంపల మీదా మంగు ఉండేది. ఎండలో పెరిగిన ముఖం. ఆ మచ్చల గురించి ఆమె మాట్లాడగా నేను వినలేదు. అద్దంలో చూసి బాధపడగా కూడా చూడలేదు.

పరీక్షలు దగ్గరపడుతుండగా ఆమెకు ఒక ఆడపిల్లల కాలేజీ నుంచి లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. వేసవిలోగా ఏదో ఒక ఉద్యోగం దొరక్కపోతే ఊరికి వచ్చెయ్యమని వాళ్ళ నాయిన అప్పటికే కబురు పంపాడు. అక్క ఇంట్లో ఇంకా ఎన్నాళ్ళు ఉంటుంది మరి. ఆ ఉత్తరం ఆమె పుస్తకంలో పెట్టుకుని తిరిగేది, నడుస్తూ నడుస్తూ తీసి చూసుకునేది.

“అన్నీ మంచిగనే ఉన్నయి గని, ఆ మంగు…” అన్నాను ఒక సాయంత్రం.

“మంగుకేమైంది?”

“ఏం గాలే. ముంగట కూర్చునేటోళ్ళు ముందుగాల ముఖమే చూస్తరు గద.”

“కెమిస్ట్రీ అడుగుతరా, ముఖం అడుగుతరా?”

“అడుగరు. చూస్తరు.”

ఆమె చెయ్యి చెంప మీదికి పోయింది. గిరాకీ మనిషి జేబు తడుముకున్నప్పుడు మా నాయిన ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. నా ముఖం కూడా అలాగే వెలిగి ఉంటుంది. లేని లోటును ఆమెకు చూపించింది నేను. సరుకు ఆ తర్వాత వచ్చింది.

ఇంటర్వ్యూకు ఇంకా పది రోజులున్నాయి. స్టియరిక్ ఆసిడ్, పొటాష్ లాబ్ అలమారలోంచి ప్రాక్టికల్స్ పేరు చెప్పి తెచ్చాను. నల్లకుంట మందుల షాపులో గ్లిజరిన్ ముప్పై పైసలు, పన్నీరు పదిహేను. తెల్లపొడికి యాభై చెప్పాడు.

“ఈ పొడి ఎందుకమ్మా నీకు?” అన్నాడు షాపాయన.

“కాలేజీల ప్రాక్టికల్స్ ఉన్నయి. నలభైకియ్యి, ఎప్పుడు నీ దగ్గరనే కొంట.”

పాదరసం దగ్గర కూడా పది పైసలు తగ్గించాను. బస్సులో కూర్చుని ఆ పది పైసలు తలుచుకుని మురిసిపోయాను.

అక్క ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు మీద, నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి స్నో కలిపాను. బాగా కుదిరింది. తెల్లగా, మెత్తగా, వేలితో తీస్తే నిలబడేట్టు వచ్చింది. తెల్లపొడిని లాబ్ నుంచి తెచ్చిన చిన్న తక్కెడలో, పుస్తకంలో ఉన్నట్టే తూచి వేశాను. కలిపాను. అక్క వంగి చూసి, “షాపుల దాని లెక్కనే ఉన్నది చెల్లె!” అంది.

అక్కడ చెయ్యి ఆపాల్సింది.

మా దుకాణంలో తూకం అయిపోయాక పొట్లం కట్టకముందు కొసరు వేస్తారు. కిలో చక్కెర తూచి, పైన ఒక చిటికెడు. ఆ చిటికెడు పడితేనే మనిషి నవ్వుతూ పోతాడు. పడకపోతే తూకం సరిగ్గా ఉన్నా గొణుక్కుంటాడు. మా నాయిన ముందు తూకంలోనే ఆ చిటికెడు తగ్గించి, అదే చిటికెడు పైన వేసేవాడు, అది వేరే సంగతి. కొసరు వేయకుండా సరుకు చేతికివ్వడం నా ఒంట్లో లేదు. కాగితంలో కాస్త తెల్లపొడి మిగిలి ఉంది. నా స్నేహితురాలు ఆశగా చూస్తోంది. వేళ్ళతో ఒక చిటికెడు తీసి వేశాను. పొదుపు చేతులు కావు మావి, ఇంకో చిటికెడు కూడా వేశాను. నా జన్మలో తూకం తగ్గించకుండా, నిజాయితీగా వేసిన మొదటి కొసరు అది.

“ఎంతయింది?” అంది ఆమె.

“నీకెందుకు, అసలుకే ఇస్త. రూపాయిన్నర.”

ఆమె రూపాయిన్నర ఇచ్చింది. నేను తీసుకున్నాను.

మూడో రోజు నడుస్తుంటే, “కొద్దిగ మండుతున్నది,” అంది.

“మండుతున్నదంటే పనిచేస్తున్నదన్నట్టు.”

ఈ మాట నేను ఎక్కడ నేర్చానో తెలుసు. మా మేనమామ బట్టల కొట్టులో, రంగు దిగే చీర తెచ్చి చూపించిన ఆడమనిషితో, “రంగు దిగుతున్నదంటే అసలు రంగు అన్నట్టమ్మా,” అనేవాడు. ఆ చీరకు సరిపోయిన మాట ఈ చెంపకూ సరిపోతుందనుకున్నాను.

అయిదో రోజుకు చెంపలు ఎర్రబడ్డాయి. ఆరో రోజుకు దవడ దాకా పొక్కులు. కాంపస్ డిస్పెన్సరీకి తీసుకెళ్ళాను. డాక్టరు పెద్దాయన, ఓపిగ్గా చూశాడు.

“ముఖానికి ఏమైనా రాశావా అమ్మా?”

ఆమె నా వైపు చూసింది. ఆమె నోరు తెరవకముందే నేను, “బజారు స్నో సార్. అందరు రాసుకునేదే,” అన్నాను.

“ఉత్త స్నోకు ఇంత రాదే. ఎండలో బాగా తిరుగుతున్నారా? వేడి చేసి ఉంటుంది,” అని పూత మందు ఇచ్చాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చేతికి నేను తప్పుడు సరుకు అందించాను.

బయటికి వచ్చాక, “ఇయ్యాల, రేపు అది పూసుకోకు,” అన్నాను.

“స్నోతోని ఏం కాదని డాక్టరే అన్నడు గద. ఎండకు వచ్చిందట. ఇంకా నాలుగు రోజులే ఉన్నది, మంగు సగమన్న పోవాలె.”

డాక్టరుకు నేను చెప్పిన అబద్ధం ఆయన నోటి నుంచి తిరిగి నా దగ్గరికే వచ్చింది. నేను గట్టిగా చెప్పలేదు. పూసుకోవద్దని ఇంకోసారి అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఆమె ఇంకో రెండు రోజులు పూసుకుంది.

ఎనిమిదో రోజు ఆమె క్లాసుకు రాలేదు. సాయంత్రం తార్నాక వెళితే తలుపు అక్క తీసింది. లోపల ఆమె కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి, చెంపలు ఉబ్బి మెరుస్తున్నాయి. నన్ను చూసి నవ్వబోయి, నొప్పికి ఆపేసింది. “గట్ల చూడకే, రేపటికి తగ్గుతది,” అని నాకే ధైర్యం చెప్పింది. సీసా కిటికీలో ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని సంచిలో వేసుకున్నాను. అక్క ఆ రోజు కూడా నాకు రొట్టె పెట్టింది. తిన్నాను.

మర్నాడు సాయంత్రం దుకాణం సర్దుతుంటే మా నాయినకు చెప్పాను. మొత్తం చెప్పాను, లాబ్‌లోంచి తెచ్చినవి తప్ప. ఆయన గల్లాపెట్టె మూసి నా వైపు తిరిగాడు.

“కొసరు ఉప్పుల ఏస్తరు, చక్కెరల ఏస్తరు. మందుల ఏస్తరా బిడ్డా?”

నేను తక్కెడ గిన్నెలు తుడుస్తూ నిలబడ్డాను.

“జ్వరం గోలీలు అమ్ముత నేను. రెండు అడిగితే రెండే ఇస్త. ఒకటి ఎక్కువ ఇచ్చినోడు లాభం జేసినట్టా? గింత చదివించినా, ఇది నేను చెప్పాల్నా?” గల్లాపెట్టెకు తాళం వేసి, “డాక్టరుకు చెప్పినవా?” అన్నాడు.

“లే.”

“పొద్దుగాల పొయ్యి ఆ పిల్లకు చెప్పు. దాన్ని తోలుకపొయ్యి డాక్టరుకు చెప్పు. ఇంటర్వ్యూ ఎన్నడు?”

“రేపే.”

ఆయన చాలా తప్పు తూకాలు చూసిన మనిషి. అయినా ఆ రోజు నన్ను చూసినట్టు ఇంకెవరినీ చూడలేదు.

పొద్దున్నే మొదటి బస్సులో వెళ్ళాను. తార్నాక స్టాపులో అక్కాచెల్లెళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. ఆమె కొత్త చీర కట్టుకుంది, కొంగు తల మీదుగా తెచ్చి ముఖం సగం కప్పుకుంది. చేతిలో ఆ ఉత్తరం. ఇప్పుడు చెబితే ఉన్న ధైర్యం కూడా పోతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది ఆమె కోసమని కూడా అనుకున్నాను. ఎదురుగా నిలబడి, “మంచిగ చెప్పు. నీకే వస్తది,” అన్నాను. “నువ్వొచ్చినవ్, చాలు,” అని ఆమె నా చెయ్యి నొక్కి బస్సెక్కింది.

మధ్యాహ్నానికే తిరిగి వచ్చారు. నేను ఇంటి మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. చెప్పింది అక్క.

“లోపలికే రానియ్యలే చెల్లె. గుమస్తా ముఖం చూసి, అమ్మవారు పోసిందా అన్నడు. కాదంటే ఇనలే. ఆడపిల్లలుండే కాలేజీ, అంటుకుంటదని బయట బల్ల మీద కూర్చోబెట్టిన్రు. అందరివి అయిపొయినంక, తగ్గినంక ఉత్తరం రాయమన్నరు. తగ్గేదాక ఆ ఉద్యోగం ఉంటదా?”

అప్పుడు చెప్పాను. తెల్లపొడి ఏమిటో, పుస్తకంలో ఏం రాసి ఉందో, ఎంత తూచానో, తూచాక ఏం చేశానో, డాక్టరు దగ్గర ఎందుకు అడ్డుపడ్డానో. ఆమె కొంగు తీయకుండానే విన్నది. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“కొసరు నేనేమన్న అడిగిన్నా?” అంది ఆమె.

“లే.”

“మంగు పోగొట్టుమని అడిగిన్నా?”

“లే.”

“అసలెంతయింది నీకు?”

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఏడ్చినా, తిట్టినా తట్టుకునేదాన్ని. “ఎనభై అయిదు పైసలు,” అన్నాను.

“అసలుకే ఇస్తున్ననన్నవ్.”

సంచిలోంచి రూపాయి తీసి గడప మీద పెట్టాను. ఆమె లోపలికి వెళ్ళి చిల్లర తెచ్చి, లెక్కపెట్టి ముప్పై అయిదు పైసలు నా చేతిలో పెట్టింది. “నాకు కొసరొద్దు,” అంది.

అదే రోజు డిస్పెన్సరీకి వెళ్ళాం. దారిలో ఆమె నా పక్కన నడవలేదు, అక్క పక్కన నడిచింది. సీసా డాక్టరు బల్ల మీద పెట్టి, ఉన్నదంతా చెప్పాను. ఆయన మూత తీసి చూసి నన్ను అడిగాడు, “కెమిస్ట్రీ విద్యార్థివా?” అవునన్నాను. ముఖం కడిగించి, మందు మార్చి, మూత్రపిండాలకు ఏమైనా దెబ్బ తగిలిందేమోనని పరీక్షకు రాసిచ్చాడు. అందులో ఏమీ రాలేదు. ఆ చీటీ వచ్చేదాకా నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదని రాసుకుంటే జాలి అడిగినట్టుంటుంది. సహించింది. తిన్నాను కూడా. అది గుర్తుండటమే ఇంకా సిగ్గు.

వాపు మూడు వారాలకు తగ్గింది. మంగు ఎక్కడిదక్కడే ఉంది. ఆమె పరీక్షలు రాసి, వేసవి మొదట్లో ఆలేరు వెళ్ళిపోయింది. రెండేళ్ళ తర్వాత వాళ్ళ వైపే ఒక బడిలో టీచరుగా చేరిందని అక్క చెప్పింది. ఆమె పెళ్ళికి నాకు శుభలేఖ వచ్చింది, వెళ్ళాను. మర్యాదగా పలకరించింది, పక్కన కూర్చోబెట్టుకుని ఫోటో తీయించింది. దవడ కింద రెండు నల్లమచ్చలు కొత్తవి. అవి ఎండవి కావని తెలిసిన వాళ్ళం ఆ పందిట్లో ముగ్గురం.

ఇప్పుడు ఆ పొడిని ముఖానికి రాసే వాటిలో కలపనివ్వరు. డబ్బాల మీద లోపల ఉన్నవన్నీ చిన్న అక్షరాల్లో రాస్తున్నారు. దుకాణంలో నిలబడి ఒక్కొక్కటీ చదువుతాను. మా కోడలు విసుక్కుంటుంది, క్రీము కొనడానికి ఇంతసేపా అని. సరుకేమిటో ఇప్పటికీ సరిగ్గానే చెప్పగలను. ఆ విషయంలో నేను అప్పుడూ తప్పలేదు.

లెక్క ఇది. గ్లిజరిన్ ముప్పై, పన్నీరు పదిహేను, తెల్లపొడి నలభై. లాబ్ నుంచి ఎత్తుకొచ్చిన వాటికి ధర కట్టలేదు, అది దొంగతనం కింద వేరే రాయాలి. తీసుకున్న లాభం అరవై అయిదు పైసలు, అది మాత్రం తీరింది. ఇక ఆమెకు పోయినవి: ఒక ఉద్యోగం, రెండేళ్ళు, దవడ మీద రెండు మచ్చల చోటు, కొంగు కప్పుకుని బల్ల మీద కూర్చున్న ఒక పొద్దు. అక్క పెట్టిన రొట్టెలు, లెక్క తెలియదు. నా వైపు జమ కింద, ఎవరూ పట్టుకోకముందే నేనే చెప్పానని రాసుకుందామని చాలాసార్లు అనుకున్నాను. కాని చెప్పింది ఇంటర్వ్యూ అయ్యాక. పొద్దున బస్‌స్టాపులో చెప్పి ఉంటే రాసుకునేదాన్ని. జమ ఏమీ లేదు.